కమాను కట్ట

“సస్పెన్షను” అనే మాట మన పత్రికలు చదివేవారికి వేరే అర్థంలో పరిచయం. లంచం పుచ్చుకుంటూ దొరికిపోయిన ఉద్యోగి మీద పడేది అది. బండికీ ఒక సస్పెన్షను ఉంటుందనీ, వయసు మీదపడితే అదీ కూలబడుతుందనీ నాబోటివాళ్ళకు పాఠ్యపుస్తకంలోని బొమ్మ వల్ల తెలుసు. దానికి తెలుగేమిటా అని చాలాకాలం వెదికాను. వేలాడదీయడమనీ, నిలిపివేయడమనీ నిఘంటువుల్లో దొరికిన అర్థాలేవీ బండి కిందికి దూరగలిగినవి కావు. చివరకు 2022 వేసవిలో, బద్వేలులో, మైదుకూరు రోడ్డు పక్కనున్న ఒక రేకుల షెడ్డులో దొరికింది. అక్కడివారి దగ్గర అది ఎన్నడూ పోలేదు.

“కట్టలు కూచుండిపోయినాయి సార్” అన్నాడు మేస్త్రి, బండి కిందికి వంగి కూడా చూడకుండా.

కట్టలంటే కమాను కట్టలు. పారశీకంలో కమాన్ అంటే విల్లు. ఆ విల్లు హిందూస్తానీ గుండా ప్రయాణించి మన లారీషెడ్లలో స్థిరపడింది. పేరుకు తగ్గట్టే అది విల్లులాగే ఉంటుంది. ఒకదాని కింద ఒకటిగా పేర్చిన ఉక్కుపట్టీల బొత్తి. అన్నింటికన్నా పైన ఉండే పొడుగాటిది మెయిన్ పట్టీ. దాని రెండు కొసలనూ చుట్టి కళ్ళు చేసి ఉంటారు. ముందు కన్ను ఛాసిస్‌కు బోల్టుతో బిగిసి ఉంటుంది. వెనక కన్ను షాకిలు అనే ఊగే లంకెకు తగిలి ఉంటుంది. బరువు పడి వంపు తగ్గినప్పుడు పట్టీ బారు సాగుతుంది గదా, ఆ సాగిన మేరకు చోటివ్వడానికే ఆ లంకె. మెయిన్ పట్టీ కింద క్రమంగా పొట్టివవుతూ వచ్చే పట్టీలన్నింటినీ నడుమ ఒక సెంటర్ బోల్టు కలిపి ఉంచుతుంది. ఆ నడుమునే రెండు యూ బోల్టులు ఇరుసుకు బంధిస్తాయి. ఎద్దులబండికి ఈ వైభోగం లేదు. జట్కాబండికి ఉండేది. పందొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్ళలో లండనులో ఒబడయా ఎలియట్ అనే ఆయన ఇటువంటి కమాన్లకు పేటెంటు పొందాడు. ఆనాటి గుర్రపుబగ్గీ కిందనున్నదే, పెద్ద మార్పేమీ లేకుండా, మా బండి కిందా ఉన్నది.

మాది టాటా సుమో, 2002 మోడలు. ఈ పేరుకూ జపాను మల్లయోధులకూ సంబంధం లేదని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. టెల్కో సంస్థను తీర్చిదిద్దిన సుమంత్ మూల్గాంవ్‌కర్ పేరులోని రెండు ముక్కల మొదటి అక్షరాలవి. 1994లో మొదలై 2019లో ఈ బండి తయారీ ఆగిపోయింది. తెలుగువాళ్ళకు మాత్రం సుమో అంటే సీమ, సీమ అంటే సుమో. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’. ఆ నాలుగేళ్ళలో వెండితెర మీద ఎన్ని సుమోలు దుమ్ము రేపుకుంటూ వరుసగా వచ్చాయో, ఎన్ని బాంబులకు గాలిలోకి లేచాయో లెక్కపెట్టినవారు లేరు. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో మా ఇంట్లో సుమో ఉందని చెబితే మిత్రులు నా చేతుల వంక చూసేవారు. మా సుమోలో వచ్చిన మారణాయుధాలు కొడవళ్ళే, కాదనను. వేరుశనగ చేలో కలుపు తీసే కూలీలవి. పెళ్ళిబృందాలు, బ్రహ్మంగారి మఠానికి పోయే ముసలివాళ్ళు, కాన్పుకు పోయే ఆడబిడ్డలు, పరీక్షలు రాయడానికి కడపకు పోయే పిల్లలు: బద్వేలు సుమోల చరిత్ర ఇంతే. దీన్ని తెరకెక్కిస్తే ఎవరు చూస్తారు?

మా నాయన వేరుశనగ, పసుపు వ్యాపారం చేసేవాడు. వెనక సీట్లు విప్పేసి బస్తాలు వేసేవాడు. వ్యాపారం మానుకున్నాక బండి ఎక్కువగా పందిరి కిందే ఉండేది. 2022 ఆగస్టుకు దాని ఇరవయ్యేళ్ళు నిండుతాయి. పదిహేనేళ్ళు దాటిన సొంత వాహనానికి అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి ఆరు వందల నుండి అయిదు వేల రూపాయలైంది. అమ్మేసి ఒక చిన్న కారు కొనడం మేలని బంధువులందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. అడ్డుపడింది అమ్మ నడుము.

అంతకు ముందటి ఏడు చివర అమ్మకు వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగింది. పదిహేను రోజులకోసారి కడపకు తీసుకుపోవాలి. చిన్న కారులో కూర్చోవాలంటే నడుము వంచి కిందికి దిగాలి, లేవాలంటే ఎవరో ఒకరు లాగాలి. సుమో సీటు సరిగ్గా ఆమె తుంటి ఎత్తున ఉంటుంది. వెనక్కు తిరిగి ఆనుకుని, కాళ్ళు లోపలికి తీసుకుంటే చాలు. నడిమి సీటులో కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు కూడా. అందువల్ల బండి ఉండితీరాలి. కానీ ఆ బండి వెనకభాగం కుంగి, ముందుభాగం పైకి లేచి, ఎవరూ ఎక్కకుండానే పది బస్తాలు మోస్తున్నట్టు కనిపించేది. రాత్రివేళ దాని దీపాలు రోడ్డు మీద కాక ఎదుటివారి కళ్ళలో వెలిగేవి. ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఇరుసు పైకి లేచి ఛాసిస్‌కున్న రబ్బరు దిమ్మెను గుద్దేది. ఆ దెబ్బ దబ్బుమని నేరుగా అమ్మ వెన్నులోకి పోయేది. ఆమె ఏమీ అనేది కాదు. ముందు సీటు వెనకభాగాన్ని రెండు చేతులతో పట్టుకునేది, అంతే. బద్వేలు నుండి కడపకు పోయేలోగా ఎన్ని స్పీడు బ్రేకర్లున్నాయో నాకంటే ఆమెకే బాగా తెలుసు.

కడపలో ఒక పెద్ద షెడ్డువారు చూసి షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. కొత్తవి వేశారు, బిల్లు వేశారు. బండి వేలెడు కూడా లేవలేదు. ఈ సంగతి చెప్పినప్పుడు బద్వేలు మేస్త్రి నవ్వలేదు. తోటి వృత్తివారిని చూసి నవ్వే రకం కాదు ఆయన.

“షాకబ్జర్లు బరువు మోసేటియి కావు సార్. ఊయల ఊగుతా ఉంటే పట్టుకోని నిలబెట్టే చెయ్యి మాదిరి. ఊయల కట్టిన కొమ్మే వంగిపోతే చెయ్యి ఏం చేస్తాది?”

ఇంతకన్నా స్పష్టంగా ఈ విషయాన్ని నాకు ఏ ఆచార్యుడూ చెప్పలేదు. బండి బరువును మోసేది కమాను, అంటే విల్లు. అది ఒకసారి అదిరాక ఊగుతూనే ఉండకుండా ఆ ఊపును నూనెలో అణచివేసేది అబ్జార్బరు. బండి గెంతులు వేస్తుంటే రెండోదాన్ని అనుమానించాలి. నిలబడ్డచోటనే కుంగి ఉంటే మొదటిదాన్ని. ఈ రెండింటికీ తేడా తెలియక ఎన్ని ఇళ్ళలో ఎంత డబ్బు వృథా అయిందో!

ఆయన పరీక్ష కూడా అంతే సూటిగా ఉంది. బండిని చదునైన నేల మీద ఖాళీగా నిలబెట్టి, ప్రతి చక్రం నడిబొడ్డు నుండి పైనున్న మడ్‌గార్డు అంచు దాకా టేపుతో కొలిచాడు. వెనక ఎడమవైపు, కుడివైపు కన్నా ముప్పావు అంగుళం తక్కువ. రెండువైపులా రబ్బరు దిమ్మెకూ ఇరుసుకూ మధ్య ఆయన రెండు వేళ్ళు కూడా పట్టలేదు. షాకిళ్ళు రెండూ వెనక్కు వాలిపోయి ఉన్నాయి. పట్టీలు చదునై బారు సాగాయనడానికి అదే గుర్తట. “చూడు అబ్బయ్యా, విల్లు కర్రయిపోయింది” అన్నాడు నాతో.

మా పక్కనే ఉన్న పోరుమామిళ్ళ చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అందులో వరుసగా చెక్కించాడు. మేస్త్రికి రాయీ ఉలీ ఇచ్చి ఉంటే కమాను కట్టల దోషాలను ఆ ధోరణిలోనే చెక్కించి ఉండేవాడు: పట్టీ సాగిపోవడం, పట్టీ చీలడం, కన్నులో బుష్ అరగడం, సెంటర్ బోల్టు తెగడం, యూ బోల్టు వదులవడం. ఆరోది ఏమిటని అడిగాను. “ఓనరు” అన్నాడు.

ఇక చికిత్స. ఇక్కడ మా నాయనకూ మేస్త్రికీ పడలేదు. ఇద్దరూ ఒక వయసువాళ్ళు, ముప్పయ్యేళ్ళ పరిచయం.

“భాయ్, ఇంకో పట్టీ వేసి ఎత్తేయ్. గంట పని” అన్నాడు నాయన. రాయలసీమలో బండి కుంగినప్పుడల్లా అందరూ చేసేది ఇదే. పాత ఇనుము అంగడిలో ఏ జీపుదో, ఏ వ్యానుదో మందపాటి పట్టీ ఒకటి తెచ్చి, కట్టలో దూర్చి బిగిస్తారు. బండి వెంటనే లేచి నిలబడుతుంది. చూసేవారికి ముచ్చటగా ఉంటుంది.

“ముందర విప్పి చూస్తా అన్నా. చూడకుండా ఏమీ చెప్పను.”

విప్పడానికే ఒక పూట పట్టింది. ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టి, చక్రాలూడదీసి, ఇరుసును జాకీ మీద నిలిపారు. యూ బోల్టుల నట్లకు ముందురోజు సాయంత్రమే డీజిలు పోసి నానబెట్టినా నాలుగింటిలో మూడు కదల్లేదు, గ్యాసుతో కోశారు. ఎట్లాగూ పాతవి మళ్ళీ వాడకూడదట. ఒకసారి బిగించిన యూ బోల్టు కొంత సాగి ఉంటుంది, రెండోసారి అదే పట్టు ఇవ్వదు. ముందు కన్నులోని బోల్టు తుప్పుతో బుష్‌లోని ఇనుపగొట్టానికి అతుక్కుపోయింది. ఒక కుర్రవాడు గంటన్నర సేపు సమ్మెటతో దానితో మాట్లాడాడు. ఆ మాటలు ఇక్కడ రాయదగినవి కావు.

కట్టను బిగింపులో పట్టి సెంటర్ బోల్టు విప్పినప్పుడు అందరినీ పక్కకు పొమ్మన్నాడు మేస్త్రి. అణచి ఉంచిన విల్లుల బొత్తి గదా. పట్టీలు విడివడి సిమెంటు నేల మీద పరుచుకున్నాక, ఒక్కొక్కదాన్నీ ఇనుప బ్రష్షుతో రుద్ది, ఆయన ఒకచోట ఆగాడు.

“అన్నా, ఈ పట్టీ ఈ ఇంటిది కాదు. ఇల్లరికం వచ్చినట్టుండాది.”

కింది నుండి రెండో పట్టీ. మిగతావాటి కన్నా మందం, వెడల్పు ఒక నూలు ఎక్కువ, వంపు వేరు. నాయన చాలాసేపు చూసి, అప్పుడు చెప్పాడు. 2006లో ఇల్లు కట్టేటప్పుడు ఎర్రగుంట్ల వైపు నుండి కడప బండలు కొన్ని తానే బండిలో వేసుకుని వచ్చాడట. లారీ బాడుగ మిగులుతుందని. అప్పుడు కట్టలు కూర్చుంటే ఎవరి చేతనో ఎక్‌స్ట్రా పట్టీ వేయించాడు. రెండువైపులా వేయించాననుకున్నాడు, ఎడమవైపే ఉంది. మేము పదహారేళ్ళుగా నడుస్తున్న నడవా, వంటిల్లు, అమ్మ కూర్చుని కూరలు తరిగే అరుగు, అన్నీ ఆ పట్టీ మీదే వచ్చాయన్న మాట.

మేస్త్రి ఏమీ అనలేదు. ఆ పరాయిపట్టీ కొస పైపట్టీకి ఆనిన చోట చిన్న గాడి పడి ఉంది. ఏళ్ళ తరబడి గీరుకుని గీరుకుని తొలిచినది. ఆ గాడిని డీజిలు గుడ్డతో తడిపాడు. పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. సుద్దముక్కను పొడి చేసి పైన చల్లి, పట్టీని సమ్మెటతో నాలుగుసార్లు తట్టి, టీ తాగడానికి పోయాడు. మేము అక్కడే నిలబడ్డాము. తెల్లని సుద్ద మీద, గాడి వెంబడి, వెంట్రుకంత సన్నని తడి గీత ఒకటి మెల్లగా తేలింది. పట్టీ వెడల్పులో మూడో వంతు దాకా ఉంది. చీలికలోకి దిగిన డీజిలు తిరిగి పైకి ఊరడం అది.

ఆ పైపట్టీ మెయిన్ పట్టీ కింద మొదటిది. మెయిన్ పట్టీ తెగితే, ఆ క్షణాన ఇరుసును చోటు తప్పకుండా పట్టి ఉంచవలసినది అదే. కమాను కట్టలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, అది బరువు మోసేది మాత్రమే కాదు, ఇరుసుకు దారి చూపేది కూడా. ఒకవైపు పట్టీలు తెగితే ఆవైపు చక్రం వెనక్కు జరుగుతుంది, బండి రోడ్డుకు అడ్డం తిరుగుతుంది. సిద్ధవటం రోడ్డులో లంకమల అడవి పక్కన మలుపుల్లో, నడిమి సీటులో పడుకున్న మనిషితో, అది ఎట్లా ఉండేదో నేను ఊహించదలచుకోలేదు. నాయన మాత్రం ఊహించినట్టున్నాడు. షెడ్డు బయట వేపచెట్టు కిందికి పోయి కూర్చున్నాడు.

అయినా అలవాటు గొప్పది. సాయంత్రానికి ఆయనే మళ్ళీ, “పగిలింది మార్చు, ఆ మందంది మటుకు రెండుపక్కలా వేయ్ భాయ్. రేపు ఎవరన్నా పదిమంది ఎక్కితే?” అన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. గట్టిపట్టీ వేస్తే బండి ఎత్తుగా నిలబడుతుందే కానీ వంగదు. తాను వంగని కట్ట ఆ వంగవలసినదంతా పక్కపట్టీ చేత వంగిస్తుంది. పైగా గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బను మింగకుండా పైకి పంపుతుంది అని ఆయన వాదన. ఫోనులో ఈ చర్చ అమ్మ దాకా పోయింది.

“ఇంగ మోసేదేముండాది, నన్ను తప్ప?” అన్నది అమ్మ.

చర్చ ముగిసింది.

మెయిన్ పట్టీలు రెండు, వాటి కిందివి రెండు ప్రొద్దుటూరు నుండి కొత్తవి బస్సులో తెప్పించారు. మిగతావాటికి వంపు తిరిగి తేవాలి. ఈ పని చూడడానికే నేను రెండు రోజులు బెంగుళూరు ప్రయాణం మానుకున్నాను. కొలిమిలో ఎర్రగా కాల్చి వంచడం సులభం, చాలాచోట్ల అట్లాగే చేస్తారు. మేస్త్రి దానికి విరోధి. “నిప్పు చూపిస్తే చెప్పినట్టు వంగుతాది. కానీ పానం పోతాది” అన్నాడు. పుస్తకాలూ అదే చెబుతాయి. కమాను ఉక్కులో సిలికాను, మాంగనీసు కలిసి ఉంటాయి. సుమారు 850 డిగ్రీలు దాటించి కాల్చి, నూనెలో ముంచి, మళ్ళీ 400, 500 డిగ్రీల మధ్య కాచి దానికి ఆ సాగేగుణం తెస్తారు. కొలిమిలో ఎర్రబరచి గాలికి చల్లారనిస్తే ఆ పదును అంతా కరిగిపోతుంది. చూడడానికి వంపు ఉంటుంది, నెల తిరిగేసరికి కుంగుతుంది.

కాబట్టి చల్లగానే కొట్టారు. కొత్త వంపు ఎంత ఉండాలో నేల మీద సుద్దతో గీసుకున్నాడు. దాగలి మీద రెండు ఇనుపకడ్డీలు దూరంగా పెట్టి, వాటిమీద పట్టీని గుంటవైపు పైకి వచ్చేట్టు పరచి, సమ్మెటతో ఒక కొస నుండి రెండో కొస దాకా అంగుళానికో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ పోయారు. ఒక దెబ్బకు ఏమీ కనిపించదు. నలభై దెబ్బల తర్వాత పట్టీని తెచ్చి గీత మీద పెట్టి చూస్తే, కొసలు కొద్దిగా లేచి ఉంటాయి. మళ్ళీ నలభై. ఒక పట్టీకి గంట. ఇందులో ఇంకో మెలకువ ఉంది. కింది పట్టీ వంపు పై పట్టీ వంపు కన్నా కాస్త ఎక్కువ ఉండాలి. విడిగా ఒకదానిపై ఒకటి పెడితే నడుమ సన్నని సందు కనిపించాలి. సెంటర్ బోల్టు బిగించినప్పుడు ఆ సందు మూసుకుంటూ, పొట్టిపట్టీలు మెయిన్ పట్టీ భారంలో కొంత ముందుగానే పంచుకుంటాయి. ఆ సందు ఎంత ఉండాలని అడిగితే బీడీ చూపించాడు. బీడీ దూరితే ఎక్కువ, పుల్ల దూరితే సరి.

పట్టీల మధ్య గ్రాఫైటు గ్రీజు రాసి, కొత్త బుష్‌లతో, కొత్త యూ బోల్టులతో కట్టలు ఎక్కించారు. కళ్ళలోని బోల్టులను మాత్రం వేలితో తిప్పినంతే ఉంచి, బండి చక్రాల మీదికి దిగాక బిగించాడు. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలితిరిగిన స్థితిలో చిక్కుకుని త్వరగా చిరిగిపోతుందట. కొన్ని బండ్లలో వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ నడుమ బ్రేకుల కోసం ఒక చిన్న కడ్డీ ఉంటుంది, బరువెంత ఉందో చూసి వెనక బ్రేకుకు పాలు పంచేది. బండిని ఎక్‌స్ట్రా పట్టీతో అమాంతం ఎత్తేస్తే, అది బండి ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేకును తగ్గిస్తుంది. ఎత్తు మారినప్పుడు ఆ కడ్డీని సరిచేయించుకోమని ఇది చదివే సుమో, జీపు యజమానులకు నా మనవి. దీపాలు కూడా.

కొలత: వెనక రెండువైపులా సమం. ఎడమవైపు మునుపటి కన్నా రెండుంబావు అంగుళాలు ఎత్తు. నాయన చుట్టూ రెండుసార్లు తిరిగి, “ఇంకొంచెం లేచుంటే బాగుండు” అన్నాడు. మేస్త్రి విననట్టు ఊరుకున్నాడు.

అయిదు వందల కిలోమీటర్ల తర్వాత యూ బోల్టులు మళ్ళీ బిగించాలన్నాడు. అంటే కడపకు నాలుగైదు ప్రయాణాలు. మొదటి ప్రయాణంలో నేను అద్దంలో నుండి వెనక్కు చూస్తూ పోయాను. అట్లూరు దాటాక ఒక స్పీడు బ్రేకరు మీద అమ్మ అలవాటుగా ముందుసీటును పట్టుకుంది. తర్వాతి దానికీ పట్టుకుంది. సిద్ధవటం దగ్గర పెన్న వంతెన వచ్చేసరికి నిద్రపోయింది.

ఆగస్టులో రిజిస్ట్రేషను 2027 దాకా పొడిగించారు. ఆ మందపాటి పరాయిపట్టీని నాయన షెడ్డులో వదిలిపెట్టలేదు. గోనెపట్టాలో చుట్టి తెచ్చి, తన పాత అలవాటు ప్రకారం దాచాడు. సంక్రాంతికి ముందు కమ్మరి దగ్గరకు పట్టుకుపోయాడు. కమాను ఉక్కుకు సాటి వచ్చే ఇనుము లేదని సీమ కమ్మరులందరికీ తెలుసు. ఇక్కడ కొడవళ్ళలో సగం పాత లారీల కింద తిరిగినవే. ఆ పట్టీలో రెండు కొడవళ్ళు, ఒక మచ్చుకత్తి వచ్చాయి. మచ్చుకత్తిని నాయన మేస్త్రికి ఇచ్చాడు.